చేతికి దొరికింది రోకలి



పోయిన నెల ఈ పుటలో మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాను. మీ ఇంటికి నిప్పు అంటుకున్నది, అయిదు నిమిషాల్లో బయటపడాలి, ఏం తీసుకుపోతారు? జాబులు చాలా వచ్చాయి. దేవరకొండ నుంచి ఒక అబ్బాయి ఒకే మాట రాశాడు: "సైకిలు." అచ్చంపేట అమ్మాయి ఒకతె ఇరవై రెండు వస్తువుల పట్టీ పంపింది. అందులో మిక్సీ కూడా ఉన్నది! మిక్సీని చంకన పెట్టుకుని పరుగెత్తే అమ్మాయిని తలుచుకుని నవ్వుకున్నాను గాని, నిజానికి నవ్వే హక్కు నాకు లేదు. ఎందుకో చెపుతాను.

నాకు ఎనిమిదేళ్ళప్పటి మాట. నల్లగొండ జిల్లాలో మాది చిన్న ఊరు. మా ఇల్లు గడ్డి కప్పిన గుడిసె. నడివేసవి కావటంచేత కప్పుగడ్డి ఎండిపోయి, చేత్తో నలిపితే పొడి అయ్యేది. ఒకనాటి మధ్యాహ్నం పక్క ఇంటి పొయ్యిలోనుంచి నిప్పురవ్వ ఒకటి గాలికి లేచి మా కప్పు మీద పడ్డది.

ఒక్క రవ్వకు ఇల్లు కాలుతుందా అని మీరు అడగవచ్చు. పొయ్యి అంటించేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళు ముందు మొద్దు పెడతారా, సన్నని పుల్లలు పెడతారా? పుల్లలే గదా! మొద్దుకు లోపలి భాగం ఎక్కువ, గాలి తగిలే పైభాగం తక్కువ. అదే బరువు గల గడ్డిని తీసుకుంటే, ప్రతి పరకకూ నాలుగు వైపులా గాలి తగులుతుంది. పరక సన్నం గనక వెంటనే వేడెక్కుతుంది. పైగా వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దాని చోటికి కిందినుంచి కొత్త గాలి వస్తుంది. ఎవరూ తిత్తి ఊదకుండానే మంట తన గాలిని తానే లాక్కుంటుంది. మేము కేకలు విని బయటికి చూసేసరికి కప్పులో ఒక మూల అప్పుడే ఎర్రగా ఉన్నది.

ఇక ఎవరు ఏం తెచ్చారో వినండి. మా అమ్మ ఒక కుండ పట్టుకుని వచ్చింది. అది ఖాళీ కుండ. నేను గోలీల డబ్బా తెచ్చాను. మా నాయన, ఊళ్ళో పదిమందికి బుద్ధి చెప్పే మనిషి, గడప పక్కన ఆనించి ఉన్న రోకలి భుజాన వేసుకుని వచ్చాడు! భూమి కాగితాలున్న రేకుపెట్టె లోపలే ఉండిపోయింది. భయం వేసినప్పుడు మనిషి ఆలోచించి ఎంచుకోడు. చెయ్యి తనకు దగ్గరలో ఉన్నదాన్ని తానే పట్టుకుంటుంది.

మా నాయనమ్మకు చూపు సరిగా ఆనేది కాదు. ఆమె ఏమీ తేలేదు. ముందుగా కొడవలితో బర్రె పలుపు, దూడ పలుపు కోసింది. తరవాత వేపచెట్టు కింద నిలబడి కేక వేసింది: "లెక్క పెట్టుండ్రి! అందరున్నరా? చిన్నది ఏదిరా?"

నాలుగేళ్ళ మా చెల్లెలు లేదు.

నాయన రోకలి పారేసి లోపలికి ఉరికాడు. చెల్లెలు ధాన్యపు గుమ్మి వెనక ముడుచుకుని కూచుని ఉన్నది. పేరు పెట్టి పిలిచినా పలకలేదట. తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి: చిన్నపిల్లలు చాలామంది మంటను చూస్తే బయటికి పరుగెత్తరు. మంచం కిందనో, మూలనో, తలుపు వెనకనో దాక్కుంటారు.

నాయన పిల్లను ఎత్తుకుని వచ్చి, అమ్మ చేతికి ఇచ్చి, మళ్ళీ గడప వైపు తిరిగాడు. రేకుపెట్టె గుర్తుకు వచ్చింది! నాయనమ్మ ఆయన ధోవతి పట్టుకుని వదలలేదు.

"కాయిదాలు మళ్ళ పుట్టిస్తరు. నువ్వు మళ్ళ పుడుతవారా?" అన్నది.

వాళ్ళిద్దరూ ఇంకా పెనుగులాడుతూ ఉండగానే కప్పు కూలింది. ఆ కాగితాల నకళ్ళ కోసం నాయన ఏడాది పొడుగునా కచేరీల చుట్టూ తిరిగాడు. తిరగటానికి మనిషి మిగిలాడు గదా!

ఇప్పుడు అడవి సంగతి. మన వైపు కార్చిచ్చు అనగానే గుర్తుకు వచ్చేది నల్లమల. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అక్కడి చెట్లు చాలావరకు ఆకు రాల్చేవి. మాఘ ఫాల్గుణాలు వచ్చేసరికి నేలంతా ఎండుటాకులు, ఎండుగడ్డి. అంటే మా గుడిసె కప్పును నేల మీద పరిచినట్టే! ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. అందుకే అటవీశాఖవారు వేసవికి ముందే అడవిలో అక్కడక్కడ బాటలా ఆకులు ఊడ్చి, మంట దాటకుండా అగ్నిరేఖలు తీస్తారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు వేడిని పసిగడితే కబురు వారికి చేరుతుంది. అడవి మంట గాలి వాలున పరుగెత్తుతుంది. గట్టు ఎక్కేటప్పుడు మరీ వేగంగా పోతుంది, ఎందుకంటే పై గడ్డిని మంట ముందుగానే వేడి చేసిపెడుతుంది. కనక అటువంటప్పుడు గుట్ట పైకి పరుగెత్తకూడదు. గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని, గడ్డి లేని దుక్కినేలకు చేరుకోవాలి. మూట బరువైతే ఆ పరుగు సాగదు.

నిప్పు నిమిషాలే ఇస్తుంది. వరద ఒక్కొక్కసారి గంటలు ఇస్తుంది. గంటలుంటే ఎంచుకోవటం తేలికే అనుకుంటున్నారా? 2009 అక్టోబరు మొదట్లో కృష్ణా తుంగభద్రలు పొంగినప్పుడు శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. ఆనకట్టను సుమారు 19 లక్షలకు లెక్క వేసి కట్టారు. కట్టిన తరవాత అంత నీరు అదివరకు ఎన్నడూ రాలేదు. తుంగభద్ర ఒడ్డున అవతల కర్నూలు, ఇవతల అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం, రాజోలి మునిగాయి. రాజోలి నేతగాళ్ళ ఊరు. చీరలు నేసే గుంటమగ్గం చూశారా? నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచుని నేస్తాడు. నీళ్ళు ఇంట్లోకి వస్తే ముందు నిండేది ఆ గుంటే. మగ్గం భూమిలో పాతుకున్న వస్తువు. దానిమీద పడుగు ఎక్కించి ఉంటుంది. ఎత్తుకుని పోవటానికి వీలులేదు. ఎంతోమంది అన్నం పెట్టే మగ్గాన్ని నీటికి వదిలి, పిల్లలతో మెరక చేరారు. వాళ్ళ మనసు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించండి. సైకిలు అని రాసిన అబ్బాయిని నేను కోప్పడను. వదిలి రావటం ఎవరికీ తేలిక కాదు.

మీ జాబులలో నాకు అన్నిటికన్నా నచ్చింది నాగర్‌కర్నూల్ అమ్మాయిది. "చనిపోయిన మా అమ్మమ్మ ఫోటో ఇంట్లో ఒక్కటే ఉన్నది. అది తెస్తాను" అని రాసింది. మిక్సీలు బజారులో వెయ్యి దొరుకుతాయి గాని ఆ ఫోటో రెండోది లేదు. అమ్మా, నీకు ఒక ఉపాయం చెపుతాను. ఈ వారమే దానికి నకలు తీయించి మీ చిన్నమ్మ ఇంట్లో ఉంచు. అప్పుడు నిప్పు వచ్చిన నాడు నువ్వు దానికోసం ఆగనక్కరలేదు. భూమి పాసుపుస్తకం, మార్కుల పత్రాలకూ అంతే. అసలు కాగితాలు, తాతగారి మందుచీటీ, నాలుగు రోజుల మాత్రలు, పాత కళ్ళజోడు ఒక సంచిలో పెట్టి, తలుపు దగ్గర మేకుకు తగిలించండి. సంచి చెయ్యి ఎత్తితే అందాలి. మా ఇంట్లో రోకలి అందినట్టు! ఇంట్లో పొగ కమ్మితే నిలబడి నడవకండి. పొగ పైకి చేరుతుంది గనక నేలమీద పాకుతూ రండి. బయట అందరూ చేరవలసిన చోటు ఒకటి ముందే అనుకుని ఉంచండి. అక్కడ తలలు లెక్క పెట్టి, అప్పుడు 101కో 112కో ఫోను చేయండి. ఎవరైనా లోపల ఉండిపోతే ఏ గదిలో ఉన్నారో అగ్నిమాపకదళం వారికి చెప్పండి. మీరు మాత్రం తిరిగి లోపలికి పోకండి. మా నాయన పోయిన కాలంలో మా ఊరికి ఫైరింజను వచ్చే దారే లేదు.

గుమ్మి వెనక దాక్కున్న మా చెల్లెలికి ఇప్పుడు మనమలున్నారు. రోకలి ఇంకా మా ఇంట్లోనే ఉన్నది. పండుగకు వచ్చినప్పుడల్లా దాన్ని చూసి, "నాయన ముందు నిన్నే తెచ్చిండు, తరవాతనే నన్ను!" అంటుంది.