గడ్డిమోపు ఎవరిది?

పెద్దకూర మీద చర్చ వచ్చిన ప్రతిసారీ మనం తినే హక్కు గురించే మాట్లాడతాం. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు నేనూ ఆ హక్కును సమర్థించాను; ఇప్పటికీ సమర్థిస్తున్నాను. అయితే ఆ పశువు ఏం తిని పెరగాలి, ఆ మేత ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్నను మాత్రం వేసుకోలేదు.

మా మాదిగవాడలో అమ్మ వరికోతకు వెళితే కూలిగింజలతో పాటు ఒక గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వచ్చేది. పరిగె ఏరుకోవడంలాగే అదీ ఆనవాయితీ. ఏ కాగితం మీదా లేని హక్కు. ఆ మోపుతోనే మా గేదె బతికింది. కోతయంత్రం వచ్చాక కూలి పోయింది, దానితో మోపూ పోయింది. ఇప్పుడు గడ్డిని యంత్రంతో కట్టలు కట్టించి భూస్వామి అమ్ముకుంటాడు, లేదా మడిలోనే తగలబెడతాడు. ఆ మడిలో నాటు వేసిన స్త్రీ ఆ కట్టను డబ్బిచ్చి కొనుక్కోవాలి.

ఇక గేదెకు పుట్టిన మగదూడ సంగతి. అది తాగే పాలు అమ్ముకోవలసిన పాలు కనుక చాలాచోట్ల పొదుగుకు దూరమై, చిక్కి చచ్చిపోతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977లో వచ్చిన చట్టం ఆవులతో పాటు గేదె దూడల వధనూ నిషేధించింది. దూడకు కత్తిని తప్పించిన ఆ చట్టం దాని ఆకలిని పట్టించుకోలేదు. జీవకారుణ్యం బోధించేవారు ఈ చావుల గురించి మాట్లాడగా నేను వినలేదు.

ఆ దూడను మాంసపు పశువుగా పెంచడానికి కావలసినది మన పొలాల్లోనే మిగిలిపోతోంది. వరిగడ్డిలో మాంసకృత్తులు బహు తక్కువ. అయితే 100 కిలోల గడ్డిపై, 4 కిలోల యూరియా కరిగించిన సుమారు 50 లీటర్ల నీటిని సమంగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెడితే అదే మెరుగైన మేత అవుతుంది. ఆరు నెలలు దాటిన పశువుకు దాన్ని కాసేపు ఆరబెట్టి, తవుడు, పత్తిగింజల చెక్క, కందిపొట్టు జోడించి పెట్టవచ్చు. పశువైద్య విద్యార్థులకు ఇది పాత పాఠమే. మా వాడకు మాత్రం అది చేరలేదు.

గడ్డి భూమి యజమానిదే కదా అని కొందరు అంటారు. తగలబెట్టేటప్పుడు అది ఎవరిదని అడగని ఊరు, కూలి మనిషి చేయి చాచినప్పుడే యాజమాన్యాన్ని గుర్తు చేస్తుంది. భూమి లేని కుటుంబానికి గేదెనిచ్చే పథకాలు మేత ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాలి. తగలబెట్టే గడ్డిని పంచాయతీ సేకరించి దళితవాడలో ఉమ్మడి వాముగా వేయాలి. పొలంలో పనిచేసినవారికి గడ్డిలో వాటా హక్కుగా దక్కాలి.

చచ్చిన పశువును మోసే పని తరతరాలుగా మా వంతు అన్నారు. బతికున్న పశువు మేతలోనూ మాకు వంతు కావాలి.