ఐకతానం పరాయి సొత్తా?

ఆర్కెస్ట్రా మన సంగీతం కాదనీ, దానికి ప్రజాధనం వెచ్చించడం దుబారా అనీ వాదించేవారు సాంస్కృతిక రంగంలో నేటికీ లేకపోలేదు. వారు ఒక్కసారి కోల్‌కతా రేవును ఆనుకొని ఉన్న ఖిదిర్‌పూర్ వైపు చూడడం మంచిది.

మైకేల్ మధుసూదన్ దత్ బాల్యంలో కొంత భాగం గడిచింది ఖిదిర్‌పూర్‌లోనే. 1848లో ఆయన మద్రాసు చేరి, అక్కడ తెలుగు అభ్యసించారు. తెలుగు, సంస్కృతాలకు రోజూ మూడు గంటలు కేటాయించినట్లు 1849లో మిత్రునికి వ్రాసిన లేఖ చెబుతుంది. (తెలుగువారు ఈ సంగతి స్మరించడం అరుదు.) 1856లో ఆయన కలకత్తాకు తిరిగి వచ్చారు. 1858లో పాయిక్‌పాడా రాజులు బెల్‌గాచియాలో ‘రత్నావళి’ బెంగాలీ నాటకాన్ని ప్రదర్శింపజేసినప్పుడు, ఆంగ్ల అతిథుల కోసం దానిని అనువదించే పని ఆయనకు అప్పగించారు. ఆ నాటకానికి వాద్యబృందాన్ని కూర్చినవారు క్షేత్రమోహన్ గోస్వామి, యదునాథ్ పాల్. గోస్వామి విష్ణుపూర్ ధ్రుపద సంప్రదాయంలో ఆరితేరినవారు. పాశ్చాత్య బృందవాదనాన్ని గమనించి, రాగాన్ని విడువకుండానే అనేక వాద్యాలను ఒక్కటిగా పలికించారు. బెంగాలీలు దానిని ‘ఐకతాన్’ అన్నారు. నాటి శ్రోతలకు అది సరికొత్త సంగీతమే! రిహార్సళ్లు చూసిన మధుసూదనుడు ఇంత వైభవం ఇంత బలహీనమైన నాటకానికా అని నొచ్చుకొని, 1859లో స్వయంగా ‘శర్మిష్ఠ’ వెలువరించారు. ప్రదర్శనకు హాజరు కావడం వల్ల కలిగే ఫలితం ఇటువంటిది.

ఇక రెండవ అభ్యంతరం: సమకాలీన రచనలకు శ్రోతలు లేరన్నది. వినిపించకుండానే వినేవారు లేరని తేల్చడం ఏమి న్యాయం? వీణ విద్వాంసుడు తన గదిలో ఒంటరిగా సాధన చేసుకోగలడు. ఆర్కెస్ట్రాకు వ్రాసేవాని కృతి మాత్రం పదుల కొద్దీ వాద్యకారులు కలిసి వాయించేదాకా కాగితం మీది గుర్తులే. కలకత్తాలో పుట్టి, 1915లో ఫిలిప్ సాండ్రే స్థాపించిన కలకత్తా సంగీత పాఠశాల నీడలో వయొలిన్ నేర్చిన జాన్ మేయర్ 1952లో లండన్ వెళ్లారు. రాగాలను సింఫనీ ఆర్కెస్ట్రాతో మేళవించిన ఆయన కృతులకు వేదిక అక్కడే దొరికింది. 2004లో అక్కడే మరణించారు. పరిస్థితి మారదనడానికి వీల్లేదు. 2006లో ముంబయిలో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కోరికపై జాకీర్ హుస్సేన్ తబలా కచేరీకృతి ‘పేష్కార్’ రచించగా, 2015లో అది ముంబయిలోనే మొదటిసారి వినిపించింది.

కనుక ప్రభుత్వ సహాయం పొందే ప్రతి ఆర్కెస్ట్రా కార్యక్రమంలోనూ జీవించి ఉన్న భారతీయుని కృతి ఒక్కటైనా ఉండాలని షరతు విధించవచ్చు. నగర మధ్యంలోని మందిరాలకు ఆహ్వాన పత్రాలు పంపి ఊరుకొనక, ఒక రిహార్సల్‌నైనా ఖిదిర్‌పూర్ వంటి పేటలలో అందరికీ తెరచి పెట్టవచ్చు. ముందు వరుసలలో శాఖల పేర్లతో చీటీలు అంటించి, ఉపన్యాసాలు కాగానే ఖాళీ అయ్యే కుర్చీలను కూడా ఆ పేటలవారికే ఇవ్వవచ్చు.