అలసటను బద్ధకమని కొట్టిపారేయకండి

జహీరాబాద్ ప్రాంతపు చెరకు రైతు ఒకరు చాలా ఏళ్ల క్రితం నా వద్దకు వచ్చి, "డాక్టర్ సాబ్, పొద్దున లేస్తూనే అలసట. చెప్పబోయిన మాట నోటిదాకా వచ్చి మరచిపోతున్నాను" అన్నారు. కాలేయ ఎంజైముల నివేదిక చూసి "మీకేమీ లేదు" అని పంపించాను. ఆయనకు హెపటైటిస్ సి ఉన్నదని తేలేసరికి ఇంటివారు సోమరి అని పేరు పెట్టేశారు. అందులో నా పాపమూ ఉన్నది.

ఈ వైరస్ కాలేయాన్ని మాత్రమే బాధిస్తుందన్నది పాత మాట. కాలేయం స్వల్పంగా దెబ్బతిన్న రోగుల మెదడును లండన్ పరిశోధకులు ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీతో పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. బేసల్ గాంగ్లియా అనే లోపలి భాగంలోనూ, తెల్ల పదార్థంలోనూ కోలిన్ నిష్పత్తి ఆరోగ్యవంతులకంటె అధికంగా ఉన్నది. కారణం వైరసేనా, దానితో పోరాడే కణాలు విడుదల చేసే సైటోకైన్లా అన్న చర్చ వేరు. అలసట తీవ్రత మాత్రం ఎంజైముల అంకెలను అనుసరించదు.

మరి మన ఊళ్లలో ఈ అలసటకు జరుగుతున్న వైద్యమేమిటి? ఒక సెలైన్ సీసా, ఒక బి-కాంప్లెక్స్ సూది! సూది వేయనివాడు డాక్టరే కాడని మీరే అంటారు, అవునా? ఈ వ్యాధి రక్తం ద్వారా అంటుకుంటుంది. ఒకరికి వాడిన సిరంజి మరొకరికి వాడితే, బలానికని వేయించుకున్న సూదే జీవితకాలపు నీరసాన్ని తెచ్చిపెట్టగలదు. ఉప్పునీటితో మెదడు రసాయనాలు చక్కబడవు.

ఒకప్పటి ఇంటర్‌ఫెరాన్ సూదులు తామే అలసటను, దిగులును కలిగించేవి. నేడు సోఫోస్బువిర్‌తో కూడిన మాత్రలు సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 90 మందికి పైగా వైరస్ తొలగిపోతుంది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. అయినా ఆ పరీక్ష వ్రాయడానికి మనవారి కలం కదలదు. వైరస్ పోయాక చాలామందికి అలసట తగ్గుతుంది, కొందరికి మిగులుతుంది. అప్పుడు కూడా అది నటన కాదు.

"అలసిన ప్రతివారికీ హెపటైటిస్ పరీక్షా?" అని తోటి వైద్యులు నన్ను ఎగతాళి చేస్తారు. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం చూడండి, తప్పక చూడండి. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, డయాలిసిస్ జరిగిందా, ఎక్కడెక్కడ సూదులు వేయించుకున్నారు అని కూడా అడగండి. నిమిషం పని. ఆ రైతును నేను అడగలేదు. రక్తనిధులలో ఈ పరీక్ష ఇంకా లేని రోజుల్లో, ఆపరేషన్ సమయంలో తన భర్తకు రెండు సీసాల రక్తం ఎక్కించారని ఆయన భార్య తరువాత చెప్పింది.