గ్రంథాలయంలో మన కుర్చీ

కోల్‌కతా అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయం. పరిశోధన కోసం ఈ నగరానికి వచ్చినప్పటి నుంచి వారంలో రెండు మూడు రోజులు అక్కడి రీడింగ్ రూమ్‌లోనే గడుపుతున్నాను. పక్క కుర్చీలో ఒకరోజు వకీలు ఉంటాడు, ఇంకోరోజు పోటీ పరీక్షలకు చదివే అమ్మాయి, మరోరోజు పాత బెంగాలీ పత్రికలు తిరగేసే రిటైర్డ్ మాస్టారు. కార్డు చూపించి లోపలికి వచ్చాక మీ ఇంటిపేరేమిటి, మీవాళ్లేం చేస్తారు, మీరు ఏవి తింటారు అని అడిగేవాళ్లు లేరు. అద్దె గది కోసం తిరిగినప్పుడు ఆ ప్రశ్నలన్నీ ఇదే నగరంలో విన్నాను. అందుకే ఆ కుర్చీ విలువ నాకు తెలుసు.

మా నాన్నకు ఇంకా బాగా తెలుసు. ఆయన చదివింది ఏడో తరగతి. ఊళ్లో హోటల్ దగ్గర టీ తాగింది బయట నిలబడి, వేరే గ్లాసులో. రచ్చబండ మీద కూర్చున్నది లేదు. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో మాత్రం బల్ల ముందు కూర్చుని పేపర్ చదివాడు. ఒకరోజు పాత కరణంగారి అబ్బాయి వచ్చి, నాన్న చేతిలో ఉన్న కాగితం కోసం ఎదురుగా కూర్చున్నాడట. "నేను చదవడం అయ్యేదాకా ఆగాడు" అని నాన్న ఇప్పటికీ చెబుతాడు. ఆ రోజు పేపర్‌లో ఏం వార్త ఉందో ఆయనకు గుర్తులేదు. అతను ఆగాడన్నదే గుర్తుంది.

గ్రంథాలయాల సామాజిక విలువ అనగానే మనవాళ్లు ఎన్ని లక్షల పుస్తకాలున్నాయి, ఎంతమంది సభ్యులున్నారు అనే లెక్కల్లోకి వెళ్తారు. ఇప్పుడైతే అవన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, ఇంకా ఈ భవనాలెందుకు అని కూడా అడుగుతున్నారు. పుస్తకం ఫోన్‌లోకి వస్తుంది. కరణంగారి అబ్బాయిని ఆపిన ఆ బల్ల మాత్రం ఫోన్‌లోకి రాదు. ప్రజా గ్రంథాలయాన్ని నేను పుస్తకాల గిడ్డంగిగా కాక, కులసమాజంలో అందరికీ సమాన హక్కు ఉన్న అతి కొద్ది బహిరంగ స్థలాల్లో ఒకటిగా చూస్తాను.

అయితే ఈ స్థలం మనకు ఎవరో ప్రేమతో ఇచ్చింది కాదు. నేను కూర్చునే గ్రంథాలయం చరిత్రే చూడండి. దాని మూలం 1836లో మొదలైన కలకత్తా పబ్లిక్ లైబ్రరీ. పేరులో పబ్లిక్ ఉన్నా, 300 రూపాయలు కట్టినవాళ్లే దాని ప్రొప్రయిటర్లు. అందులో మొదటివాడు ద్వారకానాథ్ ఠాగూర్. పేద విద్యార్థులకు కొంతకాలం ఉచితంగా చదువుకునే వెసులుబాటు ఇచ్చారు గానీ, అది దయ. హక్కు కాదు. అదే కలకత్తాలో 1824లో ప్రారంభమైన సంస్కృత కళాశాలలో మొదట బ్రాహ్మణ, వైద్య కులాల పిల్లలకే ప్రవేశం ఉండేది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1851లో కాయస్థులకు, ఆ తర్వాత 'గౌరవనీయులైన' ఇతర హిందువులకు తలుపు తీశాడు. సువర్ణవణిక కులస్థుడు అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. వ్యాపారంలో డబ్బు సంపాదించిన కులానికే ఆ గతి పడితే, చండాలురని ముద్రవేసిన నామశూద్రుల సంగతి చెప్పాలా?

కలకత్తా పబ్లిక్ లైబ్రరీ 1903లో ఇంపీరియల్ లైబ్రరీలో కలిసింది. స్వాతంత్ర్యం తర్వాత 1948లో అది జాతీయ గ్రంథాలయమైంది. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు నివసించిన బెల్వెడేర్ భవనంలో 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దాన్ని ప్రజలకు తెరిచారు. 300 రూపాయల ప్రొప్రయిటర్ల కాలం నుంచి ఇక్కడికి రావడానికి 117 ఏళ్లు పట్టింది.

తెలుగు నేల కథ కూడా ఇలాంటిదే. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్ల కృషితో పల్లెపల్లెనా పఠనాలయాలు వెలిశాయి. 1935లో పాతూరి నాగభూషణం చొరవతో కాలువల మీద పడవ గ్రంథాలయం కూడా నడిచింది. ఈ కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ సంఘం పుట్టిన మూడేళ్లకు, 1917లో, అదే బెజవాడలో ఇంకో సభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సమావేశమైన మనవాళ్లు పంచములమన్న పేరును తిరస్కరించి, మేం ఆది ఆంధ్రులమని ప్రకటించారు. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చరిత్రకారులు రాశారు. ఒకే ఊళ్లో ఒకవైపు గ్రంథాలయాల తలుపులు తెరవాలన్న ఉద్యమం, ఇంకోవైపు మనల్ని చూసి మూసుకున్న తలుపులు. పాఠ్యపుస్తకాల్లో మొదటి సభే ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ కలిపి చదివితేనే అది మన చరిత్ర.

బరోడా ఉదాహరణ ఇంకా పదునైనది. మహారాజా శాయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను పిలిపించి, రాజ్యమంతటా ఉచిత గ్రంథాలయాల వ్యవస్థకు పునాది వేయించాడు. దేశంలో అలాంటి ప్రయత్నం అదే మొదటిది. అదే మహారాజు స్కాలర్‌షిప్‌తో కొలంబియాలో చదివిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1917లో ఉద్యోగం కోసం అదే బరోడాకు వచ్చాడు. తలదాచుకున్న పార్శీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చినవాళ్లు ఆయన్ని వెళ్లగొట్టారు. కొత్త పద్ధతి గ్రంథాలయాలున్న నగరంలో, ఆ రాజ్యం చదివించిన పండితుడికి ఒక గది దొరకలేదు. పుస్తకాలు పంచితే కులం దానంతటదే పోతుందని నమ్మేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బాబాసాహెబ్ కంటే గ్రంథాలయాన్ని ఎక్కువగా ప్రేమించినవాళ్లు అరుదు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్ ఆయనకు రెండో ఇల్లు. దాదర్‌లో కట్టించుకున్న రాజగృహ ప్రధానంగా పుస్తకాల కోసం కట్టిన ఇల్లు. అయినా ఆయన పోరాటం మొదలైంది పుస్తకంతో కాదు, నీటితో. మహాడ్ పురపాలక సంఘం చౌదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు కాగితం మీద ఎప్పుడో తీర్మానించింది. 1927 మార్చి 20న ఆయన వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగితేగానీ ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. తాగడానికి నీళ్లు లేక వెళ్లలేదు. మేమూ మనుషులమేనని నిలబెట్టడానికి వెళ్లారు.

1946లో ఆయన రాజ్యాంగ సభకు మొదట ఎన్నికైంది బొంబాయి నుంచి కాదు, ఈ బెంగాల్ నుంచి. జోగేంద్రనాథ్ మండల్, ఇక్కడి షెడ్యూల్డ్ కులాల సభ్యులు పట్టుబట్టి గెలిపించారు. ఆ సభ చేసిన రాజ్యాంగంలోని 15(2) అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు, ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రజల వాడుకకు అంకితమైన బహిరంగ స్థలాలన్నింటిలో కులం పేరిట ఎవరినీ అడ్డుకోకూడదని చెప్పింది. ప్రజా గ్రంథాలయం అచ్చంగా అలాంటి స్థలమే. మహాడ్ చెరువుకూ మా మండల గ్రంథాలయానికీ రాజ్యాంగంలో చోటు ఒకే వాక్యంలో ఉంది. నాన్న కూర్చున్న కుర్చీ ఆ వాక్యం ఇచ్చిందే.

ఇక కాలం మారిందన్న మాటకు వద్దాం. ఫోన్ ఉంటే చాలు అనేవాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను. హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ప్రైవేటు స్టడీ హాళ్లు ఎందుకు పుట్టుకొచ్చాయి? అక్కడ అమ్మేది పుస్తకం కాదు. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక లైటు, కాస్త నిశ్శబ్దం. నెలనెలా అద్దె కట్టి మరీ పిల్లలు వాటిని కొనుక్కుంటున్నారు. కుర్చీకి విలువుందని మార్కెట్ ఎప్పుడో కనిపెట్టింది. కనిపెట్టనట్టు నటిస్తున్నది ప్రభుత్వాలే. ఆ పక్కనే ఉన్న చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే పిల్లలను చూడండి. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి చదువుకోవడమంటే ముందు కూర్చోవడానికి చోటు దొరకడం. ఆ చోటు ఉచితంగా దొరకకపోతే, ఆమె పోటీ పరీక్ష హాలు దాకా వెళ్లకముందే ఓడిపోయినట్టు.

చోటు సంగతి అలా ఉంటే, పరిశోధకుల లోకంలో ఇంకో గోడ లేస్తోంది. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు కలిపి 6,300కు పైగా. ఇది మంచి పనే. చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీలో చదివే మన పిల్లలకు పెద్ద విశ్వవిద్యాలయాలతో సమానంగా జర్నళ్లు అందుతాయి. నేనూ దాని వల్ల లాభపడుతున్నాను. కానీ ఆ తలుపు తెరిచేది పౌరసత్వం కాదు, అడ్మిషన్. నా పీహెచ్‌డీ ముగిసి, రిజిస్ట్రేషన్ అయిపోయిన రోజున నా పాస్‌వర్డ్ కూడా చచ్చిపోతుంది. ఫీజు కట్టలేక చదువు మధ్యలో ఆపిన మిత్రుడికి ఇప్పటికే చచ్చిపోయింది. ప్రజల డబ్బుతో కొన్న జ్ఞానం సంస్థ గేటు దగ్గర ఆగిపోతే, 300 రూపాయల ప్రొప్రయిటర్ల లైబ్రరీకీ దీనికీ తేడా ఎంత? మధ్యలో చదువు మానేసేది ఎవరి పిల్లలో మనకు తెలియనిది కాదు.

ఇక డబ్బు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1960లో చేసిన ప్రజా గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. నేనుంటున్న పశ్చిమ బెంగాల్‌లో 1979 నాటి చట్టం ఉంది గానీ, అందులో ప్రత్యేక పన్ను లేదు. బడ్జెట్ ఎంతిస్తే అంతే. అంటే తెలుగు రాష్ట్రాల గ్రంథాలయాలకు సొంత ఆదాయం ఉంది. అయినా స్థానిక సంస్థలు వసూలు చేసిన సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి వింటున్నాం. దళితవాడలో రేకుల ఇంటికీ పన్ను రశీదు వస్తుంది. అందులో గ్రంథాలయం వాటా ఉంటుంది. మనం కట్టిన డబ్బుతో మన వాడలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేయమని అడగడం కోరిక కాదు, లెక్క అడగడం.

కుర్చీ దొరికాక అల్మరాలో ఏముందన్నది తర్వాతి ప్రశ్న. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం, దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీని ప్రచురణకర్త 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. ఆ చట్టం దృష్టిలో పది పేజీల కరపుస్తకం కూడా పుస్తకమే. మన సాహిత్యంలో చాలా భాగం అలాంటి కరపుస్తకాలే. సభల దగ్గర అమ్ముడై, చేతులు మారి, చివరికి చెదల పాలయ్యేవే. రేపటి పరిశోధకుడు వచ్చి కేటలాగ్‌లో వెతికితే మనం రాయలేదనే అనుకుంటాడు. కాబట్టి చిన్న పత్రికలు, సంఘాలు నడిపే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. అచ్చయిన ప్రతిదీ పంపండి. టిటాగఢ్ జనపనార మిల్లు లైన్లలో పుట్టిన తెలుగు పిల్లవాడు సియాల్దాలో రైలు దిగి అలీపూర్ వస్తే, తన తాతల భాషలో తనవాళ్లు రాసిన పుస్తకం అతనికి అక్కడ దొరకాలి.

బెంగాలీ దళిత రచయిత మనోరంజన్ బ్యాపారీ జైల్లో అక్షరాలు నేర్చుకున్నాడు. రిక్షా తొక్కుతూ చదివాడు. బడిలో వంటవాడిగా పనిచేస్తూ పుస్తకాలు రాశాడు. 2020లో ప్రభుత్వం ఆయన్ని వంటింటి నుంచి ఒక గ్రంథాలయానికి మార్చింది. ఆ వార్త చదివి చాలామంది సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ అక్షరం కోసం ఒక మనిషి జైలు దాకా వెళ్లాల్సి రావడం ఏమిటన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన పెరిగిన శరణార్థి శిబిరాల్లోనే చదువుకునే గది ఒకటుంటే?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. వసూలైన గ్రంథాలయ పన్ను గ్రంథాలయానికే చేరాలి, ఎంత చేరిందో గోడ మీద రాసిపెట్టాలి. కూలిపని నుంచి వచ్చినవాళ్లు కూర్చునేలా రాత్రి 9 దాకా తలుపులు తెరిచి ఉండాలి. జాతీయ సబ్‌స్క్రిప్షన్ ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఏ ఐడీ కార్డూ లేని పౌరుడికీ అందాలి. కొత్త పఠనాలయం కడితే ఊరి నడిబొడ్డునే కాదు, వాడలోనూ కట్టాలి. ఇవి అడిగే బాధ్యత ముందు మన మీదే, విద్యార్థుల మీద, అధ్యాపకుల మీద ఉంది. పాస్‌వర్డ్ ఉన్నవాళ్లం మనమే కదా.

మా మండల గ్రంథాలయం పైకప్పు ఇప్పుడు కురుస్తోంది. తెరిచే రోజుల కన్నా మూసే రోజులే ఎక్కువ. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు తాళం చూసి వెనక్కి వచ్చాం. నాన్న కిటికీలోంచి లోపలికి చూసి, "ఆ బల్ల ఇంకా అక్కడే ఉంది రా" అన్నాడు. చౌదార్ చెరువు కూడా తీర్మానం కాగితం మీద అలాగే ఉండేది. నడిచి వెళ్లినవాళ్ల వల్లే అది మనదైంది.

జై భీమ్.