కంతిలో క్రిమి, గూట్లో తట్ట

పోయిన సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మా వంటింటి గూట్లో ఒక స్టీలు తట్ట, ఒక గ్లాసు విడిగా బోర్లించి ఉన్నాయి. అవి మా పెద్దమ్మవి. ఆమెకు పెద్దపేగులో కాన్సరు కంతి ఉన్నదని తేలితే ఆపరేషన్ చేసి తీశారు. ఆ తరువాత మందు ఎక్కించుకోవడానికి తిరుగుతూ మా ఇంట్లోనే ఉంటున్నది. తట్ట వేరు చేయమని ఎవరూ అనలేదనీ, ఆమే అడిగి తీసుకున్నదనీ అమ్మ చెప్పింది. నిజమే. కాని ఆమె అడిగినప్పుడు వద్దన్నవాళ్లు కూడా ఎవరూ లేరు. ఆ తట్టను చూసి ఊరుకున్నవాళ్లలో బి.యస్సీ. చదువుతున్న నేనూ ఉన్నాను.

ఆ సెలవుల్లోనే నేను కాన్సరు కంతుల లోపల కాపురముండే సూక్ష్మజీవుల గురించి చదువుతున్నాను. ఉత్సాహం కొద్దీ ఆ మాట ఇంట్లో అనేశాను. అమ్మ వెంటనే, "చూసినావా, దాంట్లో పురుగు ఉండాదంట. నేను అనుకుంటానే ఉన్నా. పిల్లోళ్లు తిరిగే ఇల్లు, అంటుకుంటాదేమో" అన్నది. పెద్దమ్మ విన్నదో లేదో నాకు తెలియదు. ఆ రాత్రి మాత్రం సంగటి తట్ట తీసుకుని పోయి వసారాలో ఒక్కతే కూర్చుని తిన్నది.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఈ కొత్త విజ్ఞానాన్ని సగం చెప్పడం, అసలు చెప్పకపోవడం కన్నా హానికరమని నా అభిప్రాయం.

మొదట కథ ఏమిటో చూద్దాం. ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం అని ఒక బాక్టీరియా ఉంది. దాని ఇల్లు మనిషి నోరు, పళ్ల చిగుళ్లు. 2012 లో అమెరికా, కెనడాలలోని రెండు బృందాలు పెద్దపేగు కంతులలో ఇది ఎక్కువగా ఉన్నట్టు విడివిడిగా కనుగొన్నాయి. 2017 లో ఇంకో విశేషం బయటపడింది. పేగులోని కాన్సరు కాలేయానికి పాకినప్పుడు, ఈ బాక్టీరియా కూడా దానితోబాటు ప్రయాణం చేసి అక్కడ కాపురం పెడుతున్నది. అటువంటి కంతులను ఎలుకలలో పెంచి మెట్రోనిడజోల్ ఇస్తే కంతి పెరుగుదల మందగించింది. మెట్రోనిడజోల్ అంటే కొత్త మందేమీ కాదు, విరేచనాలకు మనవాళ్లు వాడే మాత్రే. అయితే అది ఎలుకల సంగతి. ఇది విని మెడికల్ షాపుకు పరుగెత్తేవాళ్లు ఉంటారేమో, వాళ్లు ఒక మాట తెలుసుకోవాలి. ఇమ్యునోథెరపీ తీసుకునే రోగులలో యాంటీబయాటిక్స్ వాడినవారికి చికిత్స ఫలితం తగ్గినట్టు 2018 లో ప్రచురితమైంది. పేగులో మనకు మేలుచేసే క్రిములు కూడా ఆ మందుకు చచ్చిపోతాయి మరి.

2017 లోనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులూ, వారితో కలిసి పనిచేసినవారూ క్లోమంలోని కంతులను 113 పరీక్షిస్తే 86 లో బాక్టీరియా కనిపించింది. అందులో కొన్ని రకాలు జెమ్‌సిటబిన్ అనే కాన్సరు మందును తామే విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తాయి. రోగికి ఎక్కించిన మందును మధ్యలో ఎవరో కాజేసినట్టన్నమాట. 2020 లో ఏడు రకాల కాన్సర్లకు చెందినవీ, పక్కనున్న మంచి కండవీ కలిపి 1,526 నమూనాలు చూశారు. ఒక్కొక్క రకం కంతిలో ఒక్కొక్క తీరు బాక్టీరియా కనిపించింది, అదీ ఎక్కువగా కణాల లోపలే.

ఇంతవరకూ చదివి చప్పట్లు కొట్టేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. అదే 2020 లో ముప్పైకి పైగా కాన్సర్లలో సూక్ష్మజీవుల జాడ దొరికిందని ఒక వ్యాసం 'నేచర్' పత్రికలో వచ్చి ప్రపంచమంతా మోగింది. 2023 లో ఇతరులు ఆ లెక్కలు మళ్లీ వేసి చూస్తే, మనిషి డి.ఎన్.ఏ.నే బాక్టీరియాదిగా పొరబడ్డారని తేలింది. 2024 లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. ఇది విజ్ఞానానికి అవమానమని కొందరు అంటారు. నాకట్లా తోచదు. తప్పును దిద్దుకున్న మాట కూడా అందరి ముందే చెప్పారు కదా.

కంతిలో క్రిమి ఉన్నదంటే కంతికి క్రిమే కారణమా? దీనికి జవాబు మా చేన్లోనే ఉంది. శెనక్కాయ చెట్టు పీకితే వేర్లకు చిన్నచిన్న బుడిపెలుంటాయి. ఒకటి చిదిపి చూడండి, లోపల ఎర్రగా ఉంటుంది. అందులో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది. పక్క మడిలో టమోటా చెట్టు పీకితే దాని వేర్లకూ బుడిపెలే. అవి నులిపురుగులు చేసినవి, చెట్టును పీల్చేస్తాయి. పైకి చూస్తే రెండూ బుడిపెలే, రెండింటిలోనూ ఒక ప్రాణి ఉంది. బుడిపెలో ఎవరున్నారని తెలిస్తే చాలదు. వాళ్లు అక్కడ ఏం చేస్తున్నారో తెలియాలి. కాన్సరు కంతి విషయంలో ఆ రెండవ ప్రశ్నకు జవాబు ఇప్పుడిప్పుడే వస్తున్నది.

ఇక అమ్మ అడిగింది. అంటుకుంటుందా? 'క్రిమికీ కాన్సరుకూ సంబంధమే లేదు' అని చెప్పేస్తే అమ్మకు ధైర్యం వచ్చేదేమో, కాని అది అబద్ధం. హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి కడుపులో చేరితే పుండ్లూ, కొందరిలో కడుపు కాన్సరూ వస్తాయి. 1984 లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఆ క్రిములను తానే తాగి కడుపు జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005 లో ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ నోబెల్ బహుమతి ఇచ్చారు. గర్భాశయ ముఖద్వారం కాన్సరుకు హెచ్.పి.వి. అనే వైరస్ కారణం, దానికి టీకా కూడా ఉంది. ఈ క్రిములు ఒకరి నుంచి ఒకరికి వస్తాయి, కాదనను. కాని వచ్చిన వాళ్లలో చాలామందికి ఎప్పటికీ కాన్సరు రాదు. కాన్సరు కంతి మాత్రం తట్ట నుంచీ రాదు, గ్లాసు నుంచీ రాదు, పక్కన కూర్చున్నా రాదు. పెద్దమ్మ జబ్బు సంగతికొస్తే, ఫ్యూసోబాక్టీరియం చాలామంది నోళ్లలో ముందునుంచే ఉంది. నా నోట్లోనూ ఉండే ఉంటుంది. ఆమె తట్ట వేరు చేసి మేము కాపాడుకున్నది ఏమిటి?

ఈ వెలివేత మన సీమకు కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915 లో క్షయ రోగుల శానిటోరియం వెలిసింది. క్షయ గాలి ద్వారా సోకుతుంది, కనుక ఆ భయానికి ఒక ఆధారమైనా ఉండేది. మన దేశంలో బి.సి.జి. టీకా వేయడం 1948 లో ఆ మదనపల్లెలోనే మొదలైంది. బి.సి.జి. అంటే బలం తగ్గించిన ఆవుల క్షయ క్రిమి. 1976 నుంచి అదే బి.సి.జి.ని మూత్రాశయం కాన్సరుకు మందుగా లోపలికి ఎక్కిస్తున్నారు. ఆ క్రిమిని చూసి శరీరం మేలుకుని కంతి మీద కూడా తిరగబడుతుంది. క్రిమి అనగానే జడుసుకునేవాళ్లకు ఇది ఎవరైనా చెప్పారా?

ఇదంతా ఒక తట్ట కోసమా అనవచ్చు. పెద్దమ్మకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుంటే మొలలనుకుని ఎనిమిది నెలలు నాటుమందు తిన్నది. ఎవరికీ చెప్పలేదు. రాచపుండు అంటే ఇంట్లోవాళ్లు దూరం పెడతారని తెలుసు కనుకనే చెప్పలేదు. ఆ ఎనిమిది నెలల్లో కంతి ఎంత పెరిగిందో ఎవరు లెక్కకడతారు? మన విద్యార్థి సంఘం జరిపే వైజ్ఞానిక ప్రదర్శనలో ఈసారి ఒక బల్ల దీనికి కేటాయించమని కోరుతున్నాను. చార్టులు ఇంగ్లీషులో వద్దు. మా అమ్మ చదివేటట్టు ఉండాలి.

ఉగాదికి పోయినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను. ఓపిగ్గా విని, "అందరి నోట్లో ఆ పురుగు ఉంటే మరి అందరికీ ఎందుకు రాదు? అక్కకే ఎందుకు వచ్చె?" అన్నది. ఆ బాక్టీరియాలో ఒక్క శాఖే కంతుల్లో ఎక్కువగా కనిపిస్తున్నదని 2024 లో తేలిందన్నాను. అయినా పూర్తి జవాబు ఇంకా ఎవరికీ తెలియదన్నాను. "తెలిసినాక చెప్పు" అన్నది. ఆ రాత్రి పెద్దమ్మకు మా తట్టల్లోనే ఒకటి తీసి సంగటి పెట్టింది. పెద్దమ్మ లేచిపోయి గూట్లోంచి తన తట్ట తెచ్చుకున్నది.