చీర కట్టినవాడికి అద్దె ఇల్లు

ఎడ్ వుడ్ తీసిన 'గ్లెన్ ఆర్ గ్లెండా' నాసిరకం సినిమా. 1953లో అమెరికాలో నాలుగు రోజుల్లో చుట్టేశారు. కథ నడుస్తుండగా ఉన్నట్టుండి అడవిదున్నల మంద తెరమీద పరుగెత్తుతుంది. ఎవరో ఎప్పుడో తీసి పడేసిన రీలు తెచ్చి అతికించారన్నమాట. డ్రాక్యులాగా లోకమంతా ఎరిగిన బేలా లుగోసి డెబ్బై ఏళ్ల వయసులో కుర్చీలో కూచుని, కథకు పొంతన లేని మాటలు గంభీరంగా పలుకుతుంటాడు. మిగతా నటుల మాటలు అప్పజెప్పిన పాఠాల్లా ఉంటాయి. వుడ్ 1978లో చేతిలో పైసా లేకుండా చనిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు ఒక అమెరికన్ పుస్తకం ఆయన్ని సినిమా చరిత్రలోనే అతి చెడ్డ దర్శకుడని తేల్చింది. జనం నవ్వుకోవడానికి ఆయన సినిమాలు వెతుక్కుని మరీ చూశారు. నవ్వీ నవ్వీ కొందరు ప్రేమించడం మొదలుపెట్టారు. 1994లో టిమ్ బర్టన్ ఆయన జీవితాన్నే సినిమాగా తీశాడు.

సోలాపూర్ దాజీ పేట్‌లో వెలువడే ఒక తెలుగు పత్రిక ఈ సినిమాకు సంపాదకీయం పేజీ ఇస్తోందంటే కారణం ఒక్కటే. అందులో ఒక మనిషి తన గురించి తాను నిజం చెప్పుకున్నాడు.

నిర్మాత జార్జ్ వైస్ అడిగింది అది కాదు. 1952 డిసెంబరులో క్రిస్టీన్ జోర్గెన్‌సన్ డెన్మార్క్‌లో శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీ అయిన వార్త అమెరికా పత్రికల మొదటి పేజీలకెక్కింది. ఆ వేడి తగ్గకముందే నాలుగు డబ్బులు చేసుకుందామని ఆయన ఈ సినిమా పురమాయించాడు. వుడ్ ఆ కథను చివర్లో కొంచెం తగిలించి, మిగతా సినిమా అంతా తన కథే చెప్పాడు. ఆడవాళ్ల బట్టలు కట్టుకోవడం, అందులోనూ మెత్తని అంగోరా ఉన్ని స్వెట్టర్లు వేసుకోవడం ఆయనకు ఇష్టం. గ్లెన్ వేషం తానే వేసి, తెరమీద డేనియల్ డేవిస్ అని వేరే పేరు వేసుకున్నాడు. గ్లెన్‌కు కాబోయే భార్య బార్బరాగా అప్పట్లో తన ప్రియురాలైన డొలొరెస్ ఫుల్లర్ చేత వేయించాడు.

గ్లెన్ తన సంగతి పెళ్లికి ముందే చెప్పాలా వద్దా అని నలిగి నలిగి చివరికి చెప్పేస్తాడు. బార్బరాకు అర్థమయ్యీ కానట్టే ఉంటుంది. అయినా లేచి నిలబడి, తను వేసుకున్న అంగోరా స్వెట్టర్ విప్పి అతని చేతిలో పెడుతుంది. నటన అంతంతే, కెమెరా పనితనం ఏమీ లేదు. కానీ ఆ చేయి చాచడంలో ఉన్న మంచితనాన్ని మించిన దృశ్యం, ఈ విషయం మీద మేం చూసిన నేర్పైన సినిమాల్లో కూడా మాకు కనబడలేదు.

బట్ట నేసి బతికే పేట మనది. ఆ దృశ్యం మనకు తొందరగా అర్థం కావాలి. మగవాడు పొద్దంతా గరుకు బట్టల్లో ఉంటాడు, మెత్తని గుడ్డ వంటికి తగిలితే ప్రాణం హాయిగా ఉంటుంది, ఇందులో నేరమేముంది అని అడుగుతుంది ఆ సినిమా. బిగుతు టోపీల వల్లే మగవాళ్లకు బట్టతల వస్తుందనే దాకా పోతుంది ఆ వాదన. అది నిలిచే మాట కాదు. మెత్తదనం గురించి చెప్పింది మాత్రం చద్దర్లు, టవళ్లు నేసే మనవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. సాంచాల మోతలో నిలబడి, దూది దుమ్ము మింగుతూ, ముఖం కూడా ఎరగని వాళ్ల వంటికి సుఖాన్ని నేస్తున్నారు. పడుగు ఎక్కించేటప్పుడు ఈ గుడ్డ ఆడవాళ్లకా మగవాళ్లకా అని ఎవరూ అడగరు.

మగవాడు చీర కట్టడం మనకు కొత్తేమీ కాదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా రంగం మీదికొస్తే తెలుగుదేశం మురిసిపోయింది. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామకు 1970లో అదే గౌరవం. ఇక్కడి మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వ కట్టిన చీరకట్టును, పెట్టిన కొప్పును చూసి ఇల్లాళ్లు నేర్చుకునేవారట. ఆయనకు 1964లో పద్మభూషణ్ వచ్చింది. ఈ ముగ్గురి కళ ముందు వుడ్ ఎందుకూ కొరగాడు. అయితే ఆ చప్పట్లకు ఒక షరతు ఉంది. తెరపడగానే చీర విప్పి పంచె కట్టుకుని ఇంటికి పోవాలి. ఇంటికి పోయాక కూడా ఆ చీరే కట్టుకోవాలనిపించే మనిషి సంగతి మన నాటకం ఎత్తుకోలేదు.

సినిమా ఎత్తుకున్నది నవ్వులకోసం. 1988లో సచిన్ పిళ్‌గావ్‌కర్ తీసిన 'అశీ హీ బనవాబనవీ' మరాఠీవాళ్లకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని సినిమా. హృషీకేశ్ ముఖర్జీ 1966లో తీసిన 'బీవీ ఔర్ మకాన్' దానికి మూలం. తెలుగులో నరేశ్ ఆడవేషం కట్టగా 'చిత్రం భళారే విచిత్రం' అయింది. స్నేహితులకు అద్దెకు ఇల్లు దొరకదు. సంసారులకే ఇస్తామంటారు. కొందరు చీర కట్టి భార్యలైపోతారు. ఎప్పుడు జుట్టు ఊడుతుందో, ఎప్పుడు గొంతు మారుతుందో అన్న భయమే నవ్వంతా. ఎంతో ఒడుపుగా తీసిన సినిమాలు, నటులందరూ ఘటికులు. కానీ వాటిలో ఎవరూ ఇష్టపడి చీర కట్టరు. అవసరం తీరగానే విప్పి పారేస్తారు.

ఆ సినిమాల్లో చీర కట్టినందుకు ఇల్లు దొరికింది. మన గల్లీల్లో చీర కట్టినందుకే దొరకదు. మంగళవారం, శుక్రవారం నెత్తిన ఎల్లమ్మ బుట్టతో వచ్చే జోగతకు, అంటే అమ్మవారికి అంకితమై చీర కట్టిన మగమనిషికి, మన ఆడవాళ్లు చాటలోని బీడీ ఆకు పక్కన పెట్టి లేచి జొన్నలు పోస్తారు, పసుపు కుంకుమ పెడతారు, కాళ్లు మొక్కుతారు. సాయంత్రం అదే మనిషి వచ్చి నెలకు గది కావాలంటే ఆ ఇంట్లోనే తలుపు మూస్తారు. రాజీవ్ పాటిల్ 2009 నాటి మరాఠీ చిత్రం 'జోగవా' ఈ బతుకును చూపించింది. బలవంతాన జోగతగా మార్చిన యువకుడిగా ఉపేంద్ర లిమయే జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. మంచి సినిమా, చూడనివాళ్లు చూడండి. అయితే అది ఇష్టం లేకుండా చీర కట్టవలసి వచ్చినవాడి దుఃఖం. ఇష్టపడి కట్టేవాడి మాట వుడ్ సినిమాలోనే విన్నాం.

మన పెద్దలు కరీంనగర్, వరంగల్ వైపు నుంచి బతుకుదెరువు కోసం సోలాపూర్ చేరుతున్న కాలంలో, వాళ్లు విడిచివచ్చిన నైజాం రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. నపుంసకుల పేర్లు రిజిస్టరుకెక్కించాలి. ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం తెలంగాణ పేరు తగిలించుకుని పుస్తకాల్లో మిగిలింది. ఎవరు తమను ఏ లింగమనుకుంటే అదే గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో తీర్పు చెప్పాక కూడా ఉంది. 2023 జూలైలో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేయలేదు. 'గ్లెన్ ఆర్ గ్లెండా' కథ మొదలయ్యేది కూడా ఇలాంటి జైళ్లకు బలైన ఒక మనిషి శవంతోనే. ఆడబట్టల్లో బయట తిరిగినందుకు పదేపదే జైలుకు పోయి, విసిగి ప్రాణం తీసుకున్న మనిషి. బతికుండగా కట్టుకోనివ్వని బట్టలతోనే తనను పంపమని చీటీ రాసిపెడతాడు. ఆ శవాన్ని చూసిన పోలీసు అధికారి ఈ మనుషులను అర్థం చేసుకోవడం ఎలాగని డాక్టరు దగ్గరికి పోతాడు. అమెరికాలోనూ పోలీసులు ఇలాంటివాళ్లను వేటాడుతున్న రోజుల్లో, ఎవరూ లెక్కచేయని ఒక దర్శకుడు పోలీసు చేత ఆ ప్రశ్న అడిగించాడు.

ఆ సినిమా చివరిదాకా నిలబడలేదు. భార్య ప్రేమ దొరికితే గ్లెన్‌కు చీరల మీద, అంటే గౌన్ల మీద, మోజు వదిలిపోతుందన్నట్టు ముగించాడు వుడ్. గ్లెన్ మగవాళ్లను ప్రేమించే రకం కాదని ఒకటికి రెండుసార్లు చెప్పించి, వాళ్లను గడప బయటే వదిలేశాడు. అతుకులబొంత పనితనం కంటే ఈ వెనకడుగే మమ్మల్ని ఎక్కువ బాధించింది. అయినా చెప్పడానికి నోరు పెగలని కాలంలో సగమైనా చెప్పాడు.

పత్రికలవాళ్లం మేము శైలి చూస్తాం, ఎత్తుగడ చూస్తాం, ముగింపు చూస్తాం. చూడాలి కూడా. కానీ తన బతుకును తాను మొదటిసారి రాస్తున్నవాడి చేయి వణుకుతుంది, వాక్యం తప్పుతుంది. ఆ తప్పు చూసి కాగితం పక్కన పెట్టేస్తే ఈ విషయం మీద మనకు హాస్య సినిమాలే మిగులుతాయి.

ఈ పేటలో, పద్మనగర్‌లో, అశోక్ చౌక్‌లో, ఇంకెక్కడున్నా సరే, పుట్టుకతో ఇచ్చిన బట్ట వంటికి సరిపడక బతుకుతున్నవాళ్లు, వాళ్ల తల్లులు, అక్కచెల్లెళ్లు, కట్టుకున్నవాళ్లు రాసి పంపండి. తెలుగు రాయడం రాకపోతే మరాఠీ లిపిలో తెలుగు రాయండి, లేదా చెప్పండి, మేం రాసుకుంటాం. అక్షరదోషాలు మేం దిద్దుతాం, మాట మార్చం. పేరు వద్దంటే పేరు వేయం. గది అద్దెకిచ్చే స్తోమత ఉన్న పాఠకులు, చీర కట్టిన మనిషి వచ్చి అడిగితే ఇవ్వండి.