తగ్గించింది తాయెత్తు కాదు

"బిళ్ళలకు లొంగనివి కూడా ఉంటాయండీ. తాయెత్తు కట్టించాక మూడు నెలలకు మావాడు మామూలు మనిషయ్యాడు" అన్నాడు మొన్న ఒక పెద్దమనిషి. ఆ మూడు నెలలూ కొడుకు కాలికి గొలుసుందని ఊరందరికీ తెలుసు.

ఆ కొడుక్కున్న బైపోలార్ జబ్బులో ఉద్రేకం, దిగులు విడతలు విడతలుగా వస్తాయి. మందు పడకపోయినా ఉద్రేకం కొన్ని వారాలకో నెలలకో దానంతటదే దిగుతుంది. దిగిన రోజున పేరు భూతవైద్యుడికి. తిరగబెట్టిన రోజున తప్పు మొక్కు తీర్చని తల్లిది. ఈ మోసం ఇన్ని తరాలు నిలబడింది ఇందుకే.

మా చిన్నప్పుడు కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోసే రోజుల్లో పక్కింటి అన్న నిద్ర మానేశాడు. రాత్రంతా లెక్కలు, పగలంతా మాటలు, కనిపించిన పొలానికల్లా కౌలు అడ్వాన్సులు. లక్ష్మీ కటాక్షం అన్నారు. అప్పులు బయటపడ్డాక గాలి సోకిందన్నారు. తలుపులు మూసి ఎండుమిరపకాయల పొగ పెట్టారు. వేపమండలతో వీపు చీరుకుపోయేలా కొట్టారు. అన్న అరిస్తే, అరిచేది దయ్యమేనన్నారు. నొప్పితో అరిచే హక్కు కూడా ఆ మనిషికి లేకుండా చేశారు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా మహిమ కోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన రోగుల పాకకు నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగుల్ని గొలుసులతో కట్టెయ్యడాన్ని నిషేధించింది. అయినా గొలుసులు పోలేదు.

బైపోలార్ జబ్బును ఏ స్కానింగూ పట్టివ్వదు. డాక్టరుకు ఆధారం రోగీ, ఇంటివాళ్ళూ చెప్పే చరిత్రే. మనవాళ్ళు దిగులు ముదిరాక వెళ్తారు, అంతకుముందు నిద్ర లేకుండా హుషారుగా తిరిగిన రోజుల సంగతి చెప్పరు. అది తెలియక దిగులు మందు ఒక్కటే రాస్తే ఉద్రేకం ఎగదన్నవచ్చు. అందుకే ఆ రోజుల సంగతి తప్పక చెప్పాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

లిథియం ఈ జబ్బుకు పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ చూపించాడు. రక్తపరీక్షతో మోతాదు చూసుకుంటూ వాడాల్సిన మందు అది. మిరప కోతల్లో ఎండకు చెమటోడ్చి, నీళ్ళు తాగక, పైగా ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్ మింగితే లిథియం ఒంట్లో పేరుకుని విషం కావచ్చు. చేతులు బాగా వణికినా, వాంతులైనా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తగ్గిందిగా అని బిళ్ళలు మానేస్తే తిరగబెడుతుంది.

నిద్ర చెడితే ఉద్రేకం రేగుతుంది. అలాంటి మనిషిని కోటప్పకొండ తిరునాళ్ళకు తీసుకెళ్ళి, మంచినీళ్ళయినా ముట్టనివ్వని ఉపవాసం ఉంచి, తెల్లార్లూ జాగారం చేయిస్తారు. వారం తిరక్కముందే మళ్ళీ భూతవైద్యుడి ముందు కూర్చోబెడతారు. ఆ జాగారం రాత్రి అతన్ని ఇంట్లో నిద్రపోనివ్వండి.